బరోలో వైన్: చరిత్ర, రుచి, భోజనం

బరోలో అనేది వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, లాంగే కొండల మీద పండే నెబ్బియోలో అనే ఒకే రకం ద్రాక్షతో తయారయ్యే ఎర్ర వైన్. ఆల్బా పట్టణానికి చేరువలోని 11 గ్రామాల పరిధిలో పండిన ద్రాక్షతో చేసినదానికి తప్ప మరే వైన్‌కూ ఈ పేరు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

19వ శతాబ్దం తొలినాళ్లలో ఇక్కడి వైన్ చాలావరకు తియ్యగా ఉండేది. నెబ్బియోలో ఆలస్యంగా, అక్టోబరులో పక్వానికి వస్తుంది కనుక, నేలమాళిగల్లో చలి ముదిరి పులియడం మధ్యలోనే ఆగిపోయి, రసంలో చక్కెర మిగిలిపోయేది. బరోలో జమీందారిణి జూలియా ఫల్లెట్టి, తరువాతి కాలంలో ఏకీకృత ఇటలీకి తొలి ప్రధాని అయిన కావూర్ తమ ఎస్టేట్లలో ఈ వైన్‌ను మెరుగుపరచడానికి పూనుకున్నారు. తీపి లేని బరోలోను రూపొందించిన ఘనత ఫ్రెంచివాడైన లూయీ ఊదార్‌కు దక్కుతూ వచ్చినా, కావూర్ వద్ద పనిచేసిన పావోలో ఫ్రాంచెస్కో స్టల్యేనోకే అది చెందాలని ఇటీవలి పరిశోధకులు వాదిస్తున్నారు.

నెబ్బియోలో తొక్కలో, గింజల్లో టానిన్ ఎక్కువ. పచ్చి వక్క నమిలితే నాలుకను పట్టేసే వగరు వంటి గుణాన్ని వైన్‌కు ఇచ్చే పదార్థమే టానిన్. పాత పద్ధతిలో రసాన్ని తొక్కలతో వారాల తరబడి నానబెట్టి, పెద్ద ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచి, ఆ వగరు దానంతట అదే మెత్తబడే దాకా ఆగేవారు. 1980లలో ఎలియో అల్తారె వంటి యువ ఉత్పత్తిదారులు నానబెట్టే కాలాన్ని తగ్గించి, బరీక్ అనే చిన్న ఫ్రెంచి ఓక్ పీపాలను తెచ్చారు. బర్తోలో మస్కరెల్లో వంటి సంప్రదాయవాదులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. కొత్త ఓక్ ఇచ్చే వెనిలా వాసన కింద ఈ ద్రాక్షకే సొంతమైన గులాబీ పరిమళం అణగిపోవడం నిజమే కనుక, వారి అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేము. 1980లో బరోలోకు డీఓసీజీ, అంటే ఇటలీ వైన్ చట్టంలోని అత్యున్నత హోదా లభించింది. నేటి నియమం ప్రకారం ఇది కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు కొయ్య పీపాలో, పరిపక్వం కావాలి. రిజర్వా రకానికి 62 నెలలు పడుతుంది.

ఏళ్లు గడిచిన కొద్దీ కొంత టానిన్, రంగు పదార్థాలు కలిసి గసిగా అడుగుకు చేరతాయి. అందుచేత పాత సీసాను ముందురోజే నిలువుగా నిలబెట్టి, మెడ దగ్గర గసి కనిపించగానే ఆపేస్తూ, తేటను మాత్రం మెల్లగా మరో పాత్రలోకి వంచుకోవాలి. గ్లాసు వంచి చూస్తే అంచున ఇటుక రంగు కనిపిస్తుంది; ఎండిన గులాబీ, తారు, తోలు, పుట్టగొడుగు, రాలిన ఆకుల వాసనలు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటాయి. 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ దీనికి అనువైన వేడిమి.

టానిన్ లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్లే నోరు ఎండినట్లవుతుంది. మాంసం, జున్ను, వెన్న తోడైతే వాటిలోని ప్రొటీను, కొవ్వు ఆ వగరును తగ్గిస్తాయి. పీడ్‌మాంట్‌వాసులు గొడ్డుమాంసాన్ని ఇదే వైన్‌లో గంటల తరబడి సన్నని సెగ మీద మగ్గబెట్టి ‘బ్రసాతో’ అనే వంటకం చేస్తారు. గుడ్డు సొన దండిగా కలిపి చేసే తయారిన్ అనే సన్నని పాస్తాను వెన్నతో కలిపి, శరత్కాలంలో దాని మీద ఆల్బా తెల్ల ట్రఫుల్ అనే పుట్టగొడుగు వంటి దాన్ని పలుచగా తరిగి చల్లుతారు. బాగా ముదిరిన బరోలోకు ఇటువంటి నెమ్మదైన రుచులే తగినవి. ఎండుమిర్చి కారం దట్టించిన వంటకంతో తాగితే ఆల్కహాలు మంట ఎక్కువై, ఏళ్ల తరబడి కూడిన పరిమళం నాలుకకు అందదు.