నెట్ ఉంది, సైట్ రాదు

కంప్యూటర్‌లో కుడివైపు కింద వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది. వాట్సాప్‌లో మెసేజీలు వచ్చిపడుతూనే ఉంటాయి. బ్రౌజర్ తెరిచి ఏ అడ్రసు కొట్టినా ఆ సున్నా తిరిగి తిరిగి, చివరికి సర్వర్ దొరకలేదని చేతులెత్తేస్తుంది. పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న బాహూరులో దీన్ని తమిళంలో ‘నెట్ ఇరుక్కు, సైట్ వరలే’ అంటారు. అదే కేంద్రపాలిత ప్రాంతంలోని యానాంలో అయితే ‘నెట్ ఉందండీ, సైట్ రావట్లేదు’. రిపేరు కుర్రాడు చేసే పనులు మాత్రం రెండుచోట్లా ఒకటే. రూటరు ఆపి మళ్లీ పెడతాడు. నల్ల తెర తెరిచి పింగ్ కొడతాడు. ఎక్కడో నాలుగు ఎనిమిదులు నింపుతాడు. ఏదో రీసెట్ చేసి కంప్యూటర్‌ని మళ్లీ లేపుతాడు. ఎందుకలా అంటే ‘అట్లా చేస్తే వస్తుంది సార్’ అంటాడు. ఆ పనుల్లో చాలావాటికి పుట్టిన సంవత్సరం ఉంది, పుట్టించిన మనుషులున్నారు.

అసలు ఈ జబ్బే మొదట్లో లేదు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అమెరికాలోని ఆర్పానెట్‌కు కట్టిన కంప్యూటర్లు కొన్ని వందలు దాటని రోజుల్లో, ఏ పేరుకు ఏ నంబరో తెలిపే జాబితా ఒక్క ఫైలులో ఇమిడిపోయేది. దాని పేరు హోస్ట్స్. కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని నడిపేది. కొత్త కంప్యూటర్ పెట్టుకున్నవాళ్లు ఆఫీసు వేళల్లో వాళ్లకు చెప్పుకోవాలి, వాళ్లు జాబితాలో చేర్చాలి, మిగిలినవాళ్లు ఆ ఫైలును దించుకోవాలి. జాబితా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి, తీగ బాగుంటే పేరు దొరక్కపోవడం అరుదు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ పద్ధతి నడవలేదు. ఒక జాబితా దించుకునేలోపే అది పాతబడేది.

ఏం చేయాలో తలా ఒక సలహా ఇచ్చారు. వాటిని కలిపి ఒక దారికి తెమ్మని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధన సంస్థలో జాన్ పోస్టెల్ తన సహోద్యోగి పాల్ మొకపెట్రిస్‌కు అప్పగించాడు. ఆయన కలపలేదు, కొత్తది రాసేశాడు. 1983 నవంబరులో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 882, 883 పత్రాలే డిఎన్ఎస్ (డొమైన్ నేమ్ సిస్టం) పుట్టుక. జాబితా ఒకచోట ఉండదు, ముక్కలై ఎవరి ముక్క వాళ్ల దగ్గర ఉంటుంది. బాహూరులో ఒకరు పుదుచ్చేరి ప్రభుత్వ సైటు పివై డాట్ గవ్ డాట్ ఇన్ తెరవబోతే, ఆ కంప్యూటర్ ముందు తన కంపెనీవాళ్ల డిఎన్ఎస్ సర్వరును అడుగుతుంది. దానికి తెలియకపోతే అది రూట్ సర్వర్ల దగ్గరికి వెళుతుంది. ఏ నుంచి ఎం దాకా పదమూడు పేర్లతో ఉన్నవి అవి. ‘డాట్ ఇన్ సంగతి ఫలానా చోట అడుగు’ అని అవి పంపుతాయి, అక్కడివాళ్లు గవ్ డాట్ ఇన్ దగ్గరికి పంపుతారు, అలా చివరికి నంబరు చేతికొస్తుంది. రెప్పపాటులో జరిగిపోయే పని ఇది. మధ్యలో ఒక్కచోట జవాబు రాకపోతే చాలు, తీగ భేషుగ్గా ఉన్నా పేజీ రాదు. పెన్నైయారు నది నీళ్లు బంగారు వాయ్‌కాల్ అనే కాలువలో నిండుగా పారుతున్నా బాహూరు చెరువు తూము మూసి ఉంటే పొలం తడవదు, ఇదీ అంతే.

డిఎన్ఎస్ పత్రాలు వచ్చిన మరుసటి నెలలోనే, 1983 డిసెంబరులో, అమెరికా సైన్యపు బాలిస్టిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో మైక్ మూస్ అనే ప్రోగ్రామరు తన నెట్‌వర్క్ ఎందుకు మొరాయిస్తోందో తేల్చుకోవడానికి ఒక్క సాయంత్రంలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. అవతలి కంప్యూటర్‌కు ఒక పలకరింపు పంపి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూపేది. జలాంతర్గాముల సోనార్ శబ్దాన్ని తలుచుకుని పింగ్ అని పేరు పెట్టాడు. అంటే జబ్బూ, దాని నాడి పట్టే పద్ధతీ ఒక నెల తేడాతో పుట్టాయన్నమాట. రిపేరు కుర్రాడు ముందు నంబరుకు, తర్వాత పేరుకు పింగ్ కొట్టడం వెనక ఉన్న తర్కం ఇదే. నంబరు పలికి, పేరు పలకకపోతే తప్పు తీగది కాదు, పేరు చెప్పేవాళ్లది. వాట్సాప్ వస్తూ సైట్లు రాకపోవడం చాలాసార్లు ఇందుకే. అది ముందే తెరిచి పెట్టుకున్న దారిలో నడుస్తూ ఉంటుంది, కొత్తగా పేరు అడగాల్సిన పని దానికి వెంటనే రాదు.

మన దేశంలో 1995 ఆగస్టు 15న విఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ తెరిచింది. చెన్నై మొదటి నగరాల్లో ఒకటి. బాహూరు చుట్టుపక్కల పల్లెలకు అది చేరిన తీరు మాత్రం వేరు. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ విల్లియనూరు కేంద్రంగా పుదుచ్చేరి పల్లెల్లో సమాచార కేంద్రాలు మొదలుపెట్టింది. డయలప్ ఇంటర్నెట్ విల్లియనూరులో. అక్కణ్నుంచి పల్లెలకు విహెచ్ఎఫ్ రేడియో మీద సమాచారం వెళ్లేది. కరెంటు నమ్మకం లేదు కాబట్టి సోలార్ పలకలు. వీరాంపట్టినం జాలర్లకు కావలసిన అలల ఎత్తును అమెరికా నౌకాదళపు సైటులోంచి తీసి, తమిళంలోకి మార్చి, మైకులో వినిపించేవారు. ఆ ఊరిలో ఎవరికీ సైటు తెరుచుకోలేదన్న బాధ లేదు. ఎవరూ తెరిచేవాళ్లు కారు, విల్లియనూరులో ఒకరు తెరిస్తే ఊరంతా వినేది. ఇప్పటి రూటరు ఇంట్లో ఒక్కొక్కరిని ఒక్కో దిక్కుకు పంపుతుంటే, ఈ ఏర్పాటు వెనకబాటుగా కనిపించవచ్చు. నాకు మాత్రం దీన్ని వేసిన ఇంజినీరు ముందుచూపున్నవాడనిపిస్తుంది. లింకు తెగుతుందని ముందే ఒప్పుకుని కట్టిన వ్యవస్థ ఇది. 2004 డిసెంబరు 26న నల్లవాడు గ్రామంలో జరిగింది అందుకు సాక్ష్యం. ఆ ఊరివాడొకరు సింగపూరులో వార్తలు చూసి ఇంటికి ఫోను చేశారు. ఊరివాళ్లు సమాచార కేంద్రం తలుపు పగలగొట్టి మైకులో కేక వేశారు. సునామీ తాకేలోపు మూడున్నర వేల మంది ఊరు విడిచి బయటపడ్డారు.

ఇళ్లలోకి కంప్యూటర్ వచ్చాక విండోస్ పేరు మీద కొత్త పొరలు చేరాయి. ప్రోగ్రాములన్నీ నెట్‌తో ఒకే పద్ధతిలో మాట్లాడాలని 1990ల మొదట్లో విన్‌సాక్ అనే ఒప్పందం చేసుకున్నారు. దాని రెండో కూర్పు, మధ్యలో ఇతరులు కూడా దూరి కూర్చోవచ్చని దారి ఇచ్చింది. యాంటీవైరస్‌లు దూరాయి, ప్రకటనలు చూపే దొంగ ప్రోగ్రాములూ దూరాయి. వాటిని సరిగ్గా తీయకుండా పీకేస్తే గొలుసు తెగేది. అప్పుడు నెట్ ఉన్నట్టే చూపి ఒక్క పేజీ కూడా వచ్చేది కాదు. 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో ‘నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్’ అన్న ఆదేశం వచ్చింది. అది ఆ గొలుసును మళ్లీ మొదటి రూపానికి తెస్తుంది. ఇప్పటికీ కుర్రాళ్లు కొట్టేది అదే.

వైఫై గుర్తు మీద భూగోళం బొమ్మో, పసుపు త్రికోణమో ఎందుకొస్తుందో తెలిస్తే నవ్వొస్తుంది. విస్టా కాలం నుంచి విండోస్ తన సొంత సైటులోని ఒక బుల్లి ఫైలును తెచ్చుకుని చూస్తుంది. అందులో మొదట్లో ‘మైక్రోసాఫ్ట్ ఎన్‌సీఎస్ఐ’ అని రెండే మాటలుండేవి. ఆశించిన మాటలు అందితే నెట్ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ప్రపంచంలో మిగతా సైట్లన్నీ మూతపడినా ఆ ఒక్కటి వస్తే కంప్యూటర్ దృష్టిలో అంతా సవ్యమే. కాబట్టి గుర్తును నమ్మి రోగం లేదనుకోవడం తెలివి కాదు.

డిఎన్ఎస్ మీద దొంగల కన్ను పడిన కథ వీటన్నిటిలోకి విచిత్రమైనది. ఎస్టోనియాకు చెందిన ఒక ముఠా డిఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్‌తో నలభై లక్షల కంప్యూటర్లలో డిఎన్ఎస్ నంబర్లు మార్చేసింది. అందరూ పేర్లు అడుగుతున్నది దొంగల సర్వర్లనే! 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ వాళ్లను పట్టించింది. కానీ ఆ సర్వర్లు ఆపితే లక్షల ఇళ్లలో సైట్లు ఆగిపోతాయి. అందుకని కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి నడిపారు. వైరస్ వదిలించుకోవడానికి గడువిచ్చి, 2012 జులై 9న ఆపేశారు. అప్పటికీ ప్రపంచంలో సుమారు రెండు లక్షల కంప్యూటర్లు వాటినే పట్టుకుని ఉన్నాయి. ఆ సర్వర్లే దిక్కైనవాటిలో ఆ తర్వాత నెట్ ఉంది, సైట్లు లేవు.

నాలుగు ఎనిమిదుల సంగతి చిన్నది. 2009 డిసెంబరులో గూగుల్ ఎవరైనా వాడుకోవచ్చంటూ 8.8.8.8 నంబరుతో డిఎన్ఎస్ సర్వరు తెరిచింది. 2018లో క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 తెచ్చింది. కంపెనీ సర్వరు నిద్రపోతే వీటిని నింపి చూడటం సులువు, గుర్తుపెట్టుకోవడం ఇంకా సులువు. పాత హోస్ట్స్ ఫైలు కూడా చావలేదు. విండోస్‌లో సిస్టం 32 లోపల ఎక్కడో నేటికీ ఉంది, డిఎన్ఎస్ కంటే ముందు దాని మాటే చెల్లుతుంది. వైరస్‌లు అందులో రెండు గీతలు రాసి పోతుంటాయి. ఒకటి రెండు సైట్లే మొండికేస్తుంటే ముందు చూడాల్సింది దాన్నే.

పేరు దొరికినా పేజీ రాని సందర్భాలు వేరే ఉన్నాయి. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు తాళం గుర్తున్న సైట్లన్నిటినీ వాటి సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజరే తోసిపుచ్చుతుంది. చిన్న పేజీలు వచ్చి పెద్దవి సగంలో ఆగితే అది డేటా పొట్లం (ప్యాకెట్) కొలత గొడవ. ఈథర్‌నెట్‌లో 1500 బైట్లు పట్టే పొట్లం డిఎస్ఎల్ లైన్ల మీద 1492కు తగ్గాలి, తగ్గమన్న కబురు దారిలో ఏ ఫైర్‌వాలో మింగేస్తుంది.

కొత్త చిక్కొకటి 2018 అక్టోబరులో ఆర్ఎఫ్‌సీ 8484తో వచ్చింది. పేరు అడిగే ప్రశ్నను కూడా తాళం వేసి పంపే పద్ధతి అది. దాన్ని వాడే బ్రౌజర్ విండోస్‌ను అడగకుండా తన డిఎన్ఎస్‌ను తానే ఎంచుకుంటుంది. దాంతో మైక్ మూస్ కాలపు పరీక్ష తలకిందులైంది. నల్ల తెరలో పేరుకు పింగ్ కొడితే పలుకుతుంది, బ్రౌజర్‌లో అదే పేరు రాదు. అలాంటప్పుడు రూటరు ఆపి పెట్టడం మాని బ్రౌజర్ సెట్టింగుల్లో సెక్యూర్ డిఎన్ఎస్ అన్న మీట ఎక్కడుందో వెతకాలి.