బాలెంత మనస్సు

పురిటిలో తల్లి ప్రాణము దక్కినదా లేదా యనునదే మన పూర్వులకు మొదటి ప్రశ్న. చాలకాలము అదియే కడపటి ప్రశ్నయు నయ్యెను. ఆ ప్రాణముతో పాటు ఆమె మనస్సు కూడ స్వస్థతకు వచ్చినదా యని యడిగినవారు అరుదు. ఈ విషయమును గజపతినగర ప్రాంతమును దృష్టియం దుంచుకొని కొంచెము విచారింపదలచితిమి.

చంపావతీ తీరమునందలి యీ గజపతినగరము 1979 వరకు విశాఖపట్టణపు జిల్లాలోనిది. ఆ యేట విజయనగరము జిల్లా యేర్పడగా అందు చేరినది. తక్కిన తెలుగునాట వలెనే ఇచ్చటను తొలికానుపు పుట్టింట జరుగవలె ననుట ఆచారము. దీనిని మూఢాచారముల పట్టికలో చేర్చుటకు మేము సమ్మతింపము. అత్తవారింట నోరు విప్పలేని చిన్నది తల్లియొద్ద ఏడ్వగలదు, నిద్రింపగలదు; బిడ్డ నెత్తుకొనుటకు మరి నాలుగు చేతులుండును. ఆయుర్వేదమునందు సుశ్రుతాదులు నెలన్నర వరకు ఆమెను సూతికగానే భావించి ఆహార విశ్రాంతుల విధించిరి. నేటి వైద్యులు చెప్పు ఆరు వారములకును దీనికిని మూడు దినములే భేదము!

కాని ఆ పురిటిగదికే మరియొక ముఖము కలదు. మైల పేరిట ఆమెను ఒకరును తాకరు. గాలి చొరని గది, కుంపటి పొగ, దాహమైనను కడుపునిండ నీరీయని పథ్యము. మూడవనాడో, పదవనాడో ఆ బాలెంత నిద్ర మాని, ఒంటరిగా మాటలాడుచు, బిడ్డను దగ్గరకు రానీయకున్నచో, గాలి సోకినదనిరి. వేపమండలు వచ్చెను, భూతవైద్యుడు వచ్చెను, కొన్ని యిండ్లలో దెబ్బలును వచ్చెను. రోగి చెప్పినదెల్ల దయ్యము మాటయైనపుడు రోగి మాట వినువా రెవ్వరు?

ఆ తల్లుల వయస్సును కూడ తలపవలెను. విజయనగరాధీశుడు ఆనందగజపతి మహారాజు విశాఖపట్టణపు జిల్లా బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్క వివాహములకు ఒక పట్టిక వ్రాయించెను. మూడేండ్లకు 1034 వివాహములు లెక్కకు వచ్చినట్లు గురజాడ అప్పారావుగారు 1897 నాటి కన్యాశుల్కము పీఠికలో తెలిపిరి. అందు అయిదేండ్ల కన్యలు 99 మంది. ఏడాది పసికూనలు ముగ్గురు. ఈ శిశువధువులలో బ్రదికి బట్టకట్టినవారు పండ్రెండు, పదుమూడేండ్లకే ప్రసవవేదన కెదురుగా నిలువవలసినవారు. సంస్కర్తలు వైధవ్యమును గూర్చి యెంతయో వ్రాసిరి. ఆ పసితల్లుల భీతిని గూర్చి మాత్రము అంతగా వ్రాయలేదు.

1885లో డఫరిన్ ప్రభుపత్ని పేర నిధి యేర్పడినది మొదలు స్త్రీలకు స్త్రీ వైద్యులు కావలెనను భావము దేశమున వ్యాపించెను. విజయనగరములో ఘోషాసుపత్రి యను పేరే ఆ కాలమును తలపించును. చేతులు కడుగుకొనుట చేతనే పురిటి జ్వరము తగ్గునని 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ చూపిన సత్యము క్రమముగా అన్ని దేశములకు ప్రాకెను. ప్రాణములు దక్కెను, దీనికెంత కృతజ్ఞత చూపినను చాలదు. అయినను ప్రసవము ఆసుపత్రికి మారినపుడు తల్లి, అక్క, వదినె తలుపు వెలుపలనే నిలిచిపోయిరి. లోపల ఎరుగని చేతులు, గదమాయింపులు, చెప్పకయే జరుగు కోతలు. పురిటి సమయమున ఒక స్త్రీ తోడుండవచ్చునని భారత ప్రభుత్వము సూచించుటకు 2016 వరకు పట్టెను.

పురిటి ఉన్మాదమును గూర్చి పారిసులో మార్సే యను వైద్యుడు 1858లోనే గ్రంథము వ్రాసెను. కాని నాటి పిచ్చాసుపత్రులు తల్లి నొక్కతెనే చేర్చుకొనెడివి. బిడ్డ యింట నేడ్చుచుండెడిది. ఇంగ్లండులో కాసెల్ ఆసుపత్రియందు 1948లో థామస్ మెయిన్ తల్లితోపాటు బిడ్డను కూడ చేర్చుకొనెను. మన దేశమున నట్టి వార్డు బెంగుళూరు నిమ్‌హాన్సులో 2009లో వెలసినది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మూడేండ్లలోపు బిడ్డను చికిత్స పొందు తల్లినుండి సాధారణముగా వేరుచేయరాదని శాసించెను.

ఇచ్చట రోగభేద మెరుగుట యవసరము. కానుపైన నాలుగు దినములకు వచ్చి పోవు కంటతడి రోగము కాదు. వారములు గడచినను తీరని విషాదము వేరు. మన దేశమందలి 38 పరిశోధనలను 2017లో కూర్చి చూడగా నూటికి 22 మంది బాలెంతలయందు అది కానవచ్చెను. మతి తప్పి, లేనివి కనుట, వినుట మరియు వేరు. వేయింటికి ఒకరిద్దరికి వచ్చు ఈ యున్మాదమున గడియయైన జాగు చేయక ఆసుపత్రికి చేర్పవలెను. వీనికంటె వేరుగా ప్రసవభీతియే మనస్సున గాయమై నిలుచుటయు కలదు: ఆ రాత్రి కలలోనికి వచ్చును, ఆసుపత్రి వాసన తగిలిన గుండె దడదడలాడును, బిడ్డ ముఖమే ఆ బాధను జ్ఞప్తికి తెచ్చును. మొదట యుద్ధమునుండి మరలిన సైనికులయందు గుర్తించి, 1980లో వైద్యులు నామకరణము చేసిన వ్యాధియే యిది. దీనికి చికిత్స దుర్లభము కాదు. తాకుటకు ముందు అడుగుట. జరుగబోవునది ముందుగా చెప్పుట. నిద్రకు వీలు కల్పించుట. ఆమెకు ఇష్టమైనపుడు జరిగినదానిని తుదివరకు చెప్పనిచ్చుట. అప్పటికిని తగ్గనిచో మనోవైద్యుని యొద్దకు పంపుట.

గజపతినగరపు చుట్టుపట్ల పల్లెలకు నేడు ఆశా కార్యకర్త మూడవ దినమున మొదలుకొని నలువదిరెండవ దినమువరకు ఆరుమార్లు బాలెంత యింటికి వచ్చుటకు ఏర్పాటు కలదు. ఇది ప్రధానముగా బిడ్డకొరకు పుట్టిన పద్ధతి. త్రాసు బిడ్డది, పుస్తకములో గడులు హెచ్చుగా బిడ్డవి. 1987లో ఎడింబరోలో కూర్చిన పది ప్రశ్నల పట్టిక చిన్నది. కాగితపు ఖర్చు తప్ప వేరొకటి లేదు. అందు కడపటి ప్రశ్న ఆత్మహాని తలపును గూర్చినది. దానిని అత్తగారి యెదుట అడిగిన నేమి లాభము? ఆ పావుగంట ఆమెను ఏదో యొక మిషమీద పెరటిలోనికి పంపవలెను.