అడగని ప్రశ్నకు వచ్చిన జవాబు

తాగునీటి బావుల్లో పరిశ్రమల సాల్వెంట్లు కలిసిన ఉదంతం ఏది బయటపడ్డా, వాటిని కనిపెట్టే పరికరాలు అప్పట్లో లేవనే సమర్థన వినిపిస్తుంది. అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో ఉన్న క్యాంప్ లెజూన్ అనే మెరైన్ దళాల స్థావరం చరిత్ర ముందు ఈ సమర్థన నిలవదు. 1950ల నుంచి 1980ల నడిమి దాకా అక్కడి సైనికులూ వాళ్ల భార్యాబిడ్డలూ తాగిన నీటిలో రెండు సాల్వెంట్లు ఉన్నాయి. లోహపు భాగాలకు పట్టిన జిడ్డు వదిలించే ట్రైక్లోరోఎథిలీన్ ఒకటి, డ్రైక్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఎథిలీన్ మరొకటి. పరికరం వాటిని పట్టుకుంది, పరీక్ష చేసినవారు కాగితం మీద రాసి పంపారు. అసలు ఆలస్యం ఆ కాగితం చేరాక మొదలైంది.

ఆ పరీక్ష పుట్టింది సాల్వెంట్ల కోసం కాదు. నీటిని శుద్ధి చేసే క్లోరినే అందులోని సేంద్రియ పదార్థంతో కలిసి క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేన్లను తయారుచేస్తోందని 1974లో నెదర్లాండ్స్ రసాయన శాస్త్రవేత్త రూక్ చూపించాడు. అదే ఏడాది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏకు చెందిన సిన్సినాటి ప్రయోగశాల వాటిని కొలిచే పద్ధతిని ప్రచురించింది. నీటిలోకి జడవాయువు బుడగలు పంపితే, తేలిగ్గా ఆవిరయ్యే రసాయనాలు ఆ వాయువుతో బయటికి వస్తాయి. వాటిని ఒక పొడి నింపిన గొట్టంలో పట్టి, వేడి చేసి, గ్యాస్ క్రొమాటోగ్రాఫ్‌లోకి వదులుతారు. అందులోంచి ఒక్కో రసాయనం ఒక్కో సమయానికి బయటికి వచ్చి, గ్రాఫులో ఒక శిఖరంగా కనిపిస్తుంది. ట్రైహాలోమీథేన్లన్నీ కలిపి 100 పీపీబీ, అంటే వంద కోట్ల వంతుల్లో 100 వంతులు, మించకూడదని 1979లో నిబంధన వచ్చింది. దాని కోసమే 1980 అక్టోబరులో లెజూన్ నీటి నమూనాలు సైన్యపు ప్రయోగశాలకు వెళ్లాయి. గ్రాఫులో ట్రైహాలోమీథేన్లలో ఒకటైన బ్రోమోడైక్లోరోమీథేన్ శిఖరం రావలసిన చోట మరేదో అడ్డుపడి, ఆ అంకె తేలలేదు. ట్రైక్లోరోఎథిలీన్ ఇంచుమించు అదే సమయానికి బయటికి వస్తుంది మరి. నీరు తీవ్రంగా కలుషితమైందని ప్రయోగశాల అధికారి ఫారం అడుగున రాశాడు. తర్వాతి ఫారంలో, ఆ రసాయనమేదో గుర్తుపట్టగల మాస్ స్పెక్ట్రోమీటర్‌తో పరీక్షించాలన్నాడు. 1981 తొలి నెలల్లో సాల్వెంట్లు అనే మాటే రాసి, పక్కన ఆశ్చర్యార్థకం పెట్టాడు. అంకెలు నింపడానికి ఇచ్చిన ఫారంలో తనను ఎవరూ అడగని సంగతి అన్నిసార్లు రాసిన ఆ మనిషి మీద నాకు ఎంతో గౌరవం.

1982లో ఒక ప్రైవేటు ప్రయోగశాల రసాయనాలను పేర్లతో సహా చెప్పింది. ఆ మే నెల చివర ఒక నమూనాలో ట్రైక్లోరోఎథిలీన్ 1,400 పీపీబీ ఉంది. జులై నమూనాల్లో అది ఇరవై దరిదాపులకు పడిపోయింది. అంకెలు ఇలా ఊగిసలాడుతుంటే దేన్ని నమ్మాలని అధికారులు అడగవచ్చు, ఆ ప్రశ్న సబబే. పైపుల లోపలి పూత నుంచి పెర్‌క్లోరోఎథిలీన్ ఊరుతోందేమోనని కూడా అనుమానించారు. న్యూ ఇంగ్లండ్‌లో అలా జరిగింది కాబట్టి అది వట్టి సాకు కాదు. కానీ స్థావరంలో బావులను వంతులవారీగా నడిపేవారు. చెడ్డ బావి పంపు ఆడిన రోజున అంకె పెరిగింది, ఆగిన రోజున తగ్గింది. ఏ బావికి ఆ బావి నీళ్లు విడిగా పట్టి పరీక్షిస్తే అనుమానం తీరిపోయేది. ఆ పని 1984 జులైలో గానీ మొదలుకాలేదు.

ఈ సాల్వెంట్లకు అప్పటికి చట్టపరమైన పరిమితి లేదు కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజమే, ట్రైక్లోరోఎథిలీన్‌కు 5 పీపీబీ పరిమితి అమల్లోకి వచ్చింది 1989లో. అయితే 1979 మేలో మసాచుసెట్స్‌లోని వోబర్న్ పట్టణంలో ఏం జరిగిందో చూడాలి. పారేసిన పీపాలు దగ్గర్లో బయటపడ్డాయని బావులను పరీక్షిస్తే, ఒకదానిలో 267 పీపీబీ ట్రైక్లోరోఎథిలీన్ తేలింది. పరిమితి లేకపోయినా రాష్ట్ర అధికారులు రెండు బావులను వెంటనే మూయించారు. కాబట్టి లెజూన్‌లో చట్టం ఎవరి చేతులూ కట్టేయలేదు. అక్కడ 1984 చివర మూయడం మొదలుపెట్టి 1985 ఫిబ్రవరికల్లా పది బావులు ఆపారు. వాటిలో ఒక బావిలో ట్రైక్లోరోఎథిలీన్ 18,900 పీపీబీ. మొదటి ఫారానికీ మొదటి తాళానికీ మధ్య నాలుగేళ్లు గడిచాయి. ఆ నాలుగేళ్లూ గర్భిణులు ఆ నీళ్లే తాగారు, పాలపొడి ఆ నీళ్లలోనే కలిపారు. బాధితులకు వైద్యం అందించే చట్టం 2012లో, కోర్టుకెళ్లే హక్కిచ్చే చట్టం 2022లో వచ్చాయి.

తప్పంతా ఏ రసాయనాలు వెతకాలో ముందే రాసిపెట్టిన పట్టికదే అనను. పట్టిక లేకుండా ఏ ప్రయోగశాలా నడవదు. ప్రతి నమూనాలో ప్రతి రసాయనాన్నీ వెతకడానికి డబ్బూ మనుషులూ చాలరు. కానీ పట్టికకు బయట ఒక శిఖరం కనిపిస్తే దాని వెంట ఎవరు వెళ్లాలో, ఎన్నాళ్లలో బావి దాకా చేరాలో రాసిపెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. మనకూ ఈ సంగతి దగ్గరిదే. 2012 నాటి భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో క్లోరోఫాంతో సహా నాలుగు ట్రైహాలోమీథేన్లకు పరిమితులున్నాయి. ట్రైక్లోరోఎథిలీన్‌కూ పెర్‌క్లోరోఎథిలీన్‌కూ లేవు. పటాన్‌చెరు వంటి పారిశ్రామికవాడ పక్క ఊళ్లో బోరు నీటిని ఆ ప్రమాణం ప్రకారం పరీక్షించి అన్నీ పరిమితిలోనే ఉన్నాయని నివేదిక ఇస్తే, ఈ రెండు సాల్వెంట్ల గురించి అది ఏమీ చెప్పినట్టు కాదు.