మిల్లు లెక్క

మా పెదనాన్న తాడేపల్లిగూడెంలో ఓ రైస్‌మిల్లు గుమాస్తా. హమాలీ మేస్త్రీ "343 బస్తాలండీ" అనడం ఆలస్యం, "257 క్వింటాళ్ల 25 కిలోలు" అనేవాడు. బస్తాకి 75 కిలోల చొప్పున. కాలిక్యులేటర్ సొరుగులో ఉండేది. ఆయన బయటికి తీయగా ఎవరూ చూడలేదు.

45వ ఏట షుగర్ అన్నారు. కాళ్లు జాగ్రత్త, కళ్లు జాగ్రత్త, కిడ్నీలు జాగ్రత్త అని అందరూ చెప్పారు. తల సంగతి ఎవరూ ఎత్తలేదు. పరగడుపున 250 దాటినా ఏ బాధా తెలియలేదు కాబట్టి ఆయన మిల్లు వదల్లేదు.

ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడు ఒంటికి కావలసిన శక్తిలో ఐదో వంతు తానే వాడుకుంటుంది. దానికి తిండి చక్కెరే. ఆ చక్కెర నెత్తుట్లో ఏళ్ల తరబడి మితిమీరి ఉంటే సన్నటి రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, గోడలు మందమై దారి ఇరుకవుతుంది. మెదడు లోతుల్లోని నాళాలు మన శివారు ఆయకట్టు లాంటివి. కాలవ పూడితే ముందు ఎండేది ఆ చేలే. అక్కడ కొన్ని మిల్లీమీటర్ల మేర కణాలు చచ్చిపోతాయి. నొప్పి ఉండదు, మూతి వంకర పోదు. మెదడులో ఒక చోటుని మరో చోటుతో కలిపే పోగులు దెబ్బతిని, ఆలోచన నెమ్మదిస్తుంది.

ఆయనకీ అలాగే జరిగింది. జవాబు వచ్చేది, ఆలస్యంగా. తర్వాత కాలిక్యులేటర్ బల్ల మీదికొచ్చింది. ఓ రోజు మేస్త్రీ 120 బస్తాలన్నాడు. పెదనాన్న వేళ్ల కణుపుల మీద మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "ఎన్నన్నావురా?" అన్నాడు. చెప్పాడు. మళ్లీ అడిగాడు. మేస్త్రీ ఆయన మొహం చూడకుండా "90 క్వింటాళ్లండీ" అని తనే చెప్పేశాడు.

అంతకంటే ఘోరం ఇంకోటి. వేళకి మందు, వేళకి తిండి అని షుగర్‌ని కాచుకోవలసింది ఆ బుర్రే. మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండక, కొన్నాళ్లు మానేసేవాడు, కొన్నాళ్లు రెండేసి వేసుకునేవాడు. షుగర్ పెరిగినా మెదడుకి చేటే, బాగా పడిపోయినా చేటే. ఓ తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి, మా పెద్దమ్మని "ఎవరండీ మీరు?" అన్నాడు. పంచదార నీళ్లు తాగించాక, "ఏంటే, అలా చూస్తావ్?" అన్నాడు.

స్కానింగులో మచ్చలు చూపించి, ఇవన్నీ తెలియకుండా వచ్చిపోయిన స్ట్రోకులు అన్నారు డాక్టరు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 55 దాటిన వేలమందిని గమనించి, షుగర్ ఉన్నవాళ్లకి మతి తప్పే ముప్పు దాదాపు రెట్టింపని 1999లోనే తేల్చారు. ఆ మాట మా గూడెం మిల్లు దాకా రాలేదు. వచ్చి ఉంటే!

చివరికి పెద్ద పక్షవాతమే వచ్చి పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు "పెద్దతనం, ఏం చేస్తాం" అన్నారు. మా పెద్దమ్మ ఊరుకోలేదు. "63 ఏళ్లు పెద్దతనమా? ఆయన బుర్రని షుగర్ తినేసిందండీ" అంది, వచ్చిన ప్రతివాళ్లతోనూ.