రెండు వెలివేతల నడుమ ఒక కవి: గుర్రం జాషువా జీవితము నుండి సంఘమునకు పాఠము

రష్యా నవలాకారుడు దోస్తయెవ్‌స్కీ 1849లో మరణశిక్షకు గురై, చివరి క్షణములో క్షమాభిక్ష పొంది, నాలుగేండ్లు సైబీరియా చెరలో గడిపాడు. చెరకు వెళ్లే దారిలో తోబోల్స్క్‌లో కొందరు స్త్రీలు ఇచ్చిన క్రొత్త నిబంధనను 1881లో మరణించే వరకు దగ్గర ఉంచుకున్నాడు. శ్రమలలో నలిగిన అటువంటి రచయిత మన పొరుగునే ఉన్నాడు. గుంటూరు నుండి మార్కాపురం, గిద్దలూరు వచ్చే రైలు మార్గములోని వినుకొండలో 1895 సెప్టెంబరు 28న గుర్రం జాషువా జన్మించారు.

తండ్రి వీరయ్య యాదవులు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. క్రైస్తవ కుటుంబమైనా అంటరానితనము ఆయనను విడువలేదు. వినుకొండలోని ఒక సభలో పద్యములు చదివినందుకు, తక్కువ కులము వానిని ఎవరు రానిచ్చారని అవమానించారు. పొట్టకూటికి రాజమండ్రిలో మూకీ చిత్రములకు కథ చెప్పారు. తరువాత గుంటూరులో లూథరన్ మిషను పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు.

రెండవ గాయము మనవారు చేసినది. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథలపై పద్యములు వ్రాస్తున్నాడని మతాచార్యులు ఆయన కుటుంబమును వెలివేశారు. వారి భయమునకు కారణము లేకపోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందిన ప్రాంతమిది. పాత ఆరాధన విడిచిన మొదటి తరములు వెనుకకు జారుదురేమోనని కాపరులు కలవరపడుట సహజమే. అయితే కావ్య పఠనము వేరు, విగ్రహారాధన వేరు. ఏథెన్సులో పౌలు అన్యకవుల మాటలతోనే సువార్త ప్రకటించాడు (అపొ. 17).

జాషువా కలము ఆగలేదు. 1932లో వెలువడిన ‘ఫిరదౌసి’ రాజు చేత మోసపోయిన కవి గాథ. 1941 నాటి ‘గబ్బిలం’లో గుడిలోనికి వెళ్లలేని అంటరానివాడు తన మొరను గబ్బిలము ద్వారా కాశీలోని శివునికి పంపుతాడు. 1958లో ‘క్రీస్తు చరిత్ర’ వెలువడింది. దానికి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి లభించింది. 1970లో పద్మభూషణ్ పొంది, 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. ఆ కావ్యమును చూపి ఆయన మరల సంఘస్థుడయ్యాడని చెప్పుట సరికాదు. సంఘము వెలివేసిన కలమే క్రీస్తు చరిత్రను తెలుగు పద్యములో పాడినదన్నది మాత్రము సత్యము.

పుట్టు గ్రుడ్డివానిని సమాజమందిరము వెలివేసినప్పుడు, యేసు అతనిని వెదకి కనుగొన్నాడు (యోహాను 9). వెలివేయుటకు ఒక తీర్మానము చాలును. వెదకుటకు కాపరి హృదయము కావలెను. మన సంఘములలో పద్యము వ్రాసే, నాటకము ఆడే యౌవనస్థులు ఉన్నారు. వారిని క్రమశిక్షణలో ఉంచక ముందు, వారు వ్రాసినది పూర్తిగా చదువుదమా?