కెమెరాకు నీటి పెట్టె: 1856 నుంచి మన చేతిదాకా

సముద్రం అడుగున ఫోటోలు తీయాలని మీలో ఎవరికైనా సరదా ఉంటే, ఈపాటికే ఒకసారి గుండె గుభేలుమని ఉంటుంది. ముచ్చటపడి కొనుక్కున్న మిర్రర్‌లెస్ కెమెరాది ఒక ధర. దాన్ని నీళ్లలోకి తీసుకెళ్లే హౌసింగ్‌ది ఇంకో ధర. చాలాసార్లు కెమెరాకన్నా పెట్టే ఖరీదు! దానికి తోడు ముందుండే గాజు వేరే కొనాలి, లైట్లు వేరే కొనాలి. "ఒక పెట్టెకి ఇంత డబ్బా?" అని ఇంట్లోవాళ్లు అడిగితే ఏం చెప్తాం? ఆ జవాబు చరిత్రలో ఉంది. అది తెలిస్తే, కొనేటప్పుడు దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో కూడా తెలుస్తుంది.

1856లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వేమౌత్‌లో విలియం థాంప్సన్ అనే వకీలు ఉండేవాడు. ఆయన ఒక పెట్టె చేయించి, అందులో కెమెరా పెట్టి, కర్రకు బిగించి పడవలోంచి సుమారు 18 అడుగుల లోతుకి దించాడు. పైనుంచి తాడు లాగితే షట్టర్ తెరుచుకునే ఏర్పాటు. దాదాపు 10 నిమిషాలు అలాగే ఉంచాడు. పైకి తీసి చూస్తే పెట్టెలోకి నీళ్లొచ్చేశాయి! అయినా గాజు పలక మీద మసక మసకగా బొమ్మ పడింది. అంటే నీటి అడుగు ఫోటో పుట్టిన రోజే కెమెరా తడిసిపోవడం కూడా పుట్టిందన్నమాట. ఇవాళ్టికీ మన మొదటి భయం అదే.

థాంప్సన్ నీళ్లలోకి దిగలేదు. దిగినవాడు ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ బూతాన్. 1893లో, ఫ్రాన్స్ దక్షిణాన బన్యుల్స్ అనే ఊళ్లో, బరువైన డైవింగ్ సూటు వేసుకుని దిగి ఫోటోలు తీశాడు. కెమెరా తయారీలో ఆయన సోదరుడు ఓగుస్త్ సాయం చేశాడు. కొన్ని ఫోటోలకు అరగంటదాకా కదలకుండా ఉండాల్సొచ్చేది. బూతాన్‌కి ఇంకో చిక్కు కూడా ఎదురైంది. లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు పెట్టెను అన్నివైపులనుంచీ నొక్కుతాయి. ప్రతి 10 మీటర్లకీ మనం నేలమీద మోసే గాలి ఒత్తిడి అంత ఒత్తిడి అదనంగా వచ్చి చేరుతుంది. అందుకని ఆయన పెట్టెకి గాలి నింపిన రబ్బరు బుడగను తగిలించాడు. నీళ్లు బుడగను నొక్కితే అందులోని గాలి పెట్టెలోకి వెళ్లి, లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమానం చేస్తుంది. ఎంత చక్కని ఆలోచనో చూడండి!

ఇప్పటి హౌసింగ్‌కి ఆ బుడగ లేదు. గట్టి అల్యూమినియమో, గట్టి ప్లాస్టిక్కో ఒత్తిడిని తట్టుకుంటుంది. అతుకుల దగ్గర నీళ్లను ఆపేది మాత్రం ఒక సన్నని రబ్బరు చుట్టు, ఓ రింగ్. దీనికి అమెరికాలో 1939లో పేటెంట్ తీసుకున్న నీల్స్ క్రిస్టెన్సన్ డెన్మార్క్‌నుంచి వలస వెళ్లినవాడు, మనలాగే పరాయి దేశంలో బతుకు వెతుక్కున్నవాడు. మన కుక్కర్ గ్యాస్కెట్‌కి ఇది చుట్టమే. కుక్కర్లో ఆవిరి లోపల్నుంచి తోసి గ్యాస్కెట్‌ను బిగిస్తుంది. సముద్రంలో నీళ్లు బయట్నుంచి తోసి ఓ రింగ్‌ను బిగిస్తాయి. అందుకే చాలా హౌసింగ్‌లు లోతులో కాదు, నీళ్లలోకి దిగిన మొదటి నిమిషాల్లోనే కారతాయి. కారణం కూడా పెద్దదేమీ కాదు: ఒక ఇసుక రేణువు, టవల్ నూలుపోగు, లేదా మన జడలోంచి రాలిన ఒక్క వెంట్రుక.

నీళ్లు రాకుండా ఆపితే సరిపోతుందా? వెలుతురు సంగతి ఉంది కదా. నీళ్లు ముందుగా ఎరుపుని మింగేస్తాయి. కొన్ని మీటర్లు దిగేసరికే కుంకుమ రంగు మట్టిరంగులా కనిపిస్తుంది. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా దగ్గర డ్రై టార్టుగాస్ దీవుల్లో లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు నీటి అడుగున మొదటి రంగుల ఫోటోలు తీశారు. అందుకోసం తెప్పమీద మెగ్నీషియం పొడిని ఒక్కసారిగా మండించారు. ఆ ప్రయత్నంలో లాంగ్లీకి కాలిన గాయాలయ్యాయి. ఆ ఫోటోలు 1927 జనవరి నేషనల్ జియోగ్రాఫిక్‌లో అచ్చయ్యాయి. ఇవాళ మనం చేతికి తగిలించుకునే చిన్న ఫ్లాష్ వెనక అంత మంట ఉంది.

వెలుతురు ఇంకో మాయ కూడా చేస్తుంది. బకెట్ అడుగున పడిన నాణెం దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది కదా? బల్లపరుపు గాజు వెనకున్న కెమెరాకీ అంతే. చిన్న చిన్న జీవుల్ని దగ్గరగా తీసేవాళ్లకి అది లాభం. పగడపు దిబ్బ మొత్తం పట్టాలనుకునేవాళ్లకి నష్టం, చూపు ఇరుకైపోతుంది. దానికే గుమ్మటంలాంటి గాజు పుట్టింది. హౌసింగ్ ముందు బిగించే ఈ గాజునే పోర్ట్ అంటారు.

ఇక్కడ ఒక ఆవిడ గురించి చెప్పుకోవాలి. వియన్నా అమ్మాయి లోట్టే బైరెల్, సముద్ర పరిశోధకుడు హాన్స్ హాస్ దగ్గర సెక్రటరీగా చేరింది. టైపు కొట్టడంతో ఆగకుండా డైవింగ్, నీటి అడుగు ఫోటోలు నేర్చుకుంది. ఆమె తీసినవి పత్రికలో వచ్చాయి. 1950లో ఎర్ర సముద్రం యాత్రకి ఆడపిల్లను తీసుకెళ్లడానికి మొదట ఆయనకి ఇష్టం లేదు. చివరికి ఆమె వెళ్లింది, సొరచేపల మధ్య ఈదింది. ఆ సినిమాకి 1951లో వెనిస్‌లో బహుమతి వచ్చింది. ఆ ఏడాదుల్లోనే హాస్, రోలైఫ్లెక్స్ కెమెరాకి రోలైమరిన్ అనే హౌసింగ్ రూపొందించాడు. అందులో ఒక రీలుకి 12 ఫోటోలే. పన్నెండు అయిపోతే పైకి రావాల్సిందే.

1960ల మొదట్లో కూస్టో ఆలోచనతో, జాన్ ద వూటర్స్ అనే బెల్జియం ఇంజనీరు చేతుల్లో, అసలు పెట్టే అక్కర్లేని కాలిప్సో కెమెరా వచ్చింది. 1963 నుంచి నికాన్ దాన్ని నికోనోస్ పేరుతో అమ్మింది. ఒక్క కెమెరా కొంటే ఏళ్ల తరబడి సరిపోయేది. 2001లో దాని తయారీ ఆగింది. డిజిటల్ వచ్చాక ప్రతి రెండు మూడేళ్లకీ కొత్త మోడల్, బటన్లు ఒకచోటునుంచి ఇంకోచోటుకి. ఒక మోడల్‌కి చేసిన హౌసింగ్ ఇంకోదానికి సాధారణంగా పట్టదు. తక్కువమంది కోసం విడిగా అచ్చులు, విడిగా మీటలు చేయాలి. ధరకి అసలు కారణం అదే.

మరి మనం ఎలా ఎంచుకోవాలి? ఈ చరిత్రనే అడుగుదాం.

లోతు: సరదా డైవింగ్‌కి హద్దు 40 మీటర్లు. కొత్తగా నేర్చుకున్నవాళ్లకి 18 మీటర్లే. 100 మీటర్ల రేటింగ్ ఒక్కటీ చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. మంచి ప్లాస్టిక్ హౌసింగ్ తేలిక, చవక. అల్యూమినియంది గట్టిది, లోపల ఆవిరి పట్టడం తక్కువ, ఖరీదెక్కువ.

లీకు: లోపలి గాలి తోడేసి పరీక్షించే వాక్యూమ్ సదుపాయం ఉందో లేదో తప్పక అడగండి. దిగకముందే, ఒడ్డునే లీకు తెలిసిపోతుంది. థాంప్సన్‌కి ఆ అదృష్టం లేదు!

గాజు: మీ లెన్స్‌కి సరిపడే పోర్ట్ దొరుకుతుందా? రేపు కెమెరా మార్చినా, అదే కంపెనీ వాటిలో పోర్ట్ పనికొస్తుందా? డబ్బు నిలిచేది అక్కడే.

చెయ్యి: మగవాళ్ల అరచేతి కొలతకి చేసిన హౌసింగ్‌లు చాలా ఉన్నాయి. పట్టుకున్న చేతి బొటనవేలు, చూపుడువేలు ముఖ్యమైన మీటలకి అందుతున్నాయా? షాపులో పట్టుకు చూడకుండా కొనకండి. విమానంలో బరువెంతో కూడా చూసుకోండి.

వాడకం: ఓ రింగ్‌కి తయారీదారు చెప్పిన గ్రీజే రాయాలి. కొబ్బరినూనె, వ్యాజిలీన్ వద్దు. పైకి రాగానే మంచినీళ్లలో నానబెట్టాలి, ఉప్పు ఎండిపోనివ్వకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, చేతిలో కెమెరా ఉంటే గాలి ఎంత మిగిలిందో చూసుకోవడం మర్చిపోతాం. నీళ్లలో కదలకుండా నిలవడం వచ్చేదాకా హౌసింగ్ కొనకపోయినా నష్టం లేదు. పగడాల మీద కాలు పెట్టి తీసే ఫోటో ఎంత అందంగా వచ్చినా దండగే.

గల్ఫ్‌లో ఉన్న అక్కలకి లోట్టే ఈదిన ఎర్ర సముద్రం ఎంతో దూరం కాదు. మలేషియాలోనూ దక్షిణాఫ్రికాలోనూ ఉన్నవాళ్లకి పగడాలు దగ్గర్లోనే ఉన్నాయి. ఆమెకి దొరికింది రీలుకి పన్నెండు ఫోటోలు, మీకు వందలు. మీలో ఎవరైనా ఇప్పటికే దిగి ఉంటే, ఏ హౌసింగ్ వాడారో, మీ చేతికి ఎలా కుదిరిందో గ్రూపులో రాయండి. కొనబోయే చెల్లెళ్లకి అది పనికొస్తుంది.