గాయం నుండి గుండె దాకా
రక్తస్రావం, రక్తపు గడ్డ - ముస్లిం వైద్యులు, ధర్మవేత్తలు

హిజ్రీ 3వ సంవత్సరంలో (క్రీ.శ. 625) జరిగిన ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి ముఖానికి గాయమయింది. హజ్రత్ అలీ (రజి) డాలుతో నీళ్ళు తెచ్చి పోస్తూండగా హజ్రత్ ఫాతిమా (రజి) గాయాన్ని కడిగారు. నీళ్ళు పోసినకొద్దీ నెత్తురు మరింత కారడం ఆమె గమనించారు. వెంటనే ఒక చాప ముక్కను కాల్చి, ఆ బూడిదను గాయానికి అదిమారు. నెత్తురు ఆగిపోయింది. హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) తెలిపిన ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. గడ్డకట్టబోతున్న నెత్తురును నీరు కడిగివేస్తుంది. పొడి బూడిద దానికి పట్టు నిస్తుంది. శాస్త్రం పేరు తెలియకపోయినా చూపు మాత్రం శాస్త్రీయమైనదే.

అయితే ప్రతి గాయమూ అలా లొంగలేదు. రెండేళ్ళ తర్వాత, కందక యుద్ధంలో, అన్సారుల నాయకుడు హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి మధ్యనున్న 'అక్‌హల్' అనే నాళానికి శత్రువు బాణం తగిలింది. దగ్గరలో ఉంచి పరామర్శించడానికి వీలుగా దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిద్‌లోనే గుడారం వేయించారు. ఆయన గాయానికి స్వయంగా వాత పెట్టారనీ, అది వాచినప్పుడు రెండోసారి కూడా పెట్టారనీ సహీహ్ ముస్లింలో ఉంది. గాయపడినవారికి సేవ చేసిన రుఫైదా అనే మహిళ గుడారాన్ని గురించి ఇబ్నె ఇస్‌హాఖ్ రాశాడు. ఇంత జరిగినా కొన్ని రోజుల తర్వాత గాయం తిరగబెట్టింది. మస్జిద్‌లోనే ఉన్న బనూ గిఫార్ వారి గుడారంలోకి నెత్తురు పారివచ్చేదాకా పక్కవారికి సంగతి తెలియలేదు. సఅద్ (రజి) ఆ రక్తస్రావంతోనే కన్నుమూశారు.

బూడిదతో ఆగిన నెత్తురు ఒకటి, రెండు వాతలకూ ఆగనిది మరొకటి. ఎందుకు ఒకటి ఆగింది, ఎందుకు మరొకటి ఆగలేదు అన్న ప్రశ్నకు తర్వాతి శతాబ్దాల ముస్లిం వైద్యులు ఎంతవరకు జవాబు చెప్పగలిగారో, ఎక్కడ ఆగిపోయారో చూడటం అవసరం. ఎందుకంటే ఈ విషయంలో మన రచయితలు కొందరు చేసే గొప్పలు, మనవారిని ఎరుగని పాశ్చాత్య రచయితలు చూపే అలక్ష్యం - రెండూ సత్యానికి దూరమే.

స్పెయిన్‌లో ఖుర్తుబా నగరం పక్కన ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ నిర్మించిన మదీనతుజ్జహ్రాకు చెందినవాడు అబుల్ ఖాసిం జహ్రావీ (సుమారు 936-1013). ఆయన రాసిన 'అత్తస్రీఫ్' ముప్ఫై ప్రకరణాల ఉద్గ్రంథం. చివరి ప్రకరణం పూర్తిగా శస్త్రచికిత్సను గురించినది. దాదాపు రెండువందల పరికరాల బొమ్మలు అందులో ఉన్నాయి. 12వ శతాబ్దంలో గెరార్డ్ అనే పండితుడు దానిని తులైతులా నగరంలో లాటిన్‌లోకి అనువదించాడు. యూరప్ వైద్యులు శతాబ్దాల పాటు దానిని చదువుకున్నారు.

ధమని తెగి నెత్తురు చిమ్మినప్పుడు ఏం చేయాలో జహ్రావీ చెప్పిన తీరు చూస్తే, అది పుస్తకంలో చదివి రాసినది కాదనీ, చేతులకు నెత్తురు అంటినవాడు రాసినదనీ తెలిసిపోతుంది. ముందు చూపుడువేలుతో ఆ నాళం నోటిని గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఈలోగా చిన్నవీ పెద్దవీ వాత కడ్డీలు కొన్నింటిని నిప్పులో కాలనివ్వాలి. తర్వాత నెత్తురు ఆగేవరకు వాత పెట్టాలి. వాత కాక ఇంకా మూడు మార్గాలున్నాయి. సగం తెగిన ధమనిని పూర్తిగా కోసివేయడం ఒకటి. దారంతో గట్టిగా కట్టివేయడం ఒకటి. నెత్తురును ఆపే మందులు పెట్టి బిగించి కట్టు కట్టడం ఒకటి. ఇందులో మొదటిది సామాన్యులకు వింతగా తోస్తుంది. తెగిన నాళాన్ని ఇంకా తెంచడమేమిటి? కాని ధమని సగమే తెగినప్పుడు దాని గోడలు రెండు వైపులకూ గుంజుకుని గాయం నోరు తెరుచుకునే ఉంటుంది. పూర్తిగా తెగితే కొసలు లోపలికి ముడుచుకుని నోరు మూసుకుంటుంది. ఇది నేటికీ నిజమే.

ధమనిని దారంతో కట్టే పద్ధతిని జహ్రావీయే కనిపెట్టాడని కొందరు రాస్తారు. అది సరికాదు. గ్రీకు వైద్యుడు జాలీనూస్ (గాలెన్) కాలానికే ఆ పద్ధతి తెలుసు. జహ్రావీ గొప్పతనం మరోచోట ఉంది.

ఒక గ్రామంలో ఆయనకు కొందరు మనుషులు తారసపడ్డారు. తమ మగవారిలో ఎవరికి పెద్ద గాయమైనా నెత్తురు ఆగక చనిపోతారని వారు ఆయనకు చెప్పారు. ఒక పిల్లవాడు చిగుళ్ళు తోముకోగా మొదలైన రక్తస్రావం వాడి ప్రాణం తీసింది. మరొకడు నరం కోయించుకుని నెత్తురు తీయించుకోగా అదే చావుకు కారణమయింది. ఇటువంటి జబ్బును తాను ఈ ఒక్క ఊళ్ళోనే చూశాననీ, పూర్వ గ్రంథకర్తలెవరూ చెప్పగా చూడలేదనీ, కారణం తెలియదనీ జహ్రావీ రాశాడు. నెత్తురు కారే చోట వెంటనే వాత పెట్టడం మంచిదని తోస్తున్నదన్నాడు. అయితే తాను ప్రయత్నించి చూడలేదని కూడా చెప్పాడు. నేడు హీమోఫిలియా అని పిలుస్తున్న వంశపారంపర్య వ్యాధికి వైద్యగ్రంథాలలో లభించిన తొలి వర్ణనలలో ఇదొకటి. తల్లి ద్వారా మగ సంతానానికి సంక్రమిస్తుందనీ, నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన ఒక అంశం లోపించడం దీనికి కారణమనీ తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టింది. చూసినదానిని చూసినట్లు, చేయనిదానిని చేయనట్లు చెప్పిన ఆ నిజాయితీ లేకపోతే ఆ నాలుగు వాక్యాలకు ఈనాడు విలువే ఉండేది కాదు.

నెత్తురు ఆగకపోవడం ఎంత ప్రమాదమో, ఆగకూడని చోట ఆగిపోవడమూ అంతే ప్రమాదం. గాయం కంటికి కనిపిస్తుంది. నాళం లోపల కట్టిన గడ్డ కనిపించదు. కనుకనే ఈ రెండవ ప్రమాదం వైద్యులకు చాలా ఆలస్యంగా అర్థమయింది. అర్థం కావాలంటే ముందుగా నెత్తురు శరీరంలో ఏ దారిన పోతుందో తెలియాలి. జాలీనూస్ చెప్పిన ప్రకారం గుండె కుడి గది నుండి ఎడమ గదికి నెత్తురు మధ్య గోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా ఊరుతుంది. ఇబ్నె సీనా (980-1037) అంతటివాడు కూడా ఈ మాటనే అంగీకరించాడు.

దానిని కాదన్నవాడు దిమిష్ఖ్ ప్రాంతంలో పుట్టి ఖాహిరాలో స్థిరపడిన అలావుద్దీన్ ఇబ్నె నఫీస్ (1213-1288). ఇబ్నె సీనా గ్రంథంలోని శరీర నిర్మాణ భాగంపై క్రీ.శ. 1242 నాటికి, అంటే ముప్ఫై ఏళ్ళైనా నిండకముందే, ఆయన వ్యాఖ్య రాశాడు. గుండె మధ్య గోడ గట్టిదనీ, అందులో కనిపించే రంధ్రాలు గాని కనిపించని రంధ్రాలు గాని లేవనీ అందులో చెప్పాడు. కుడి గదిలోని నెత్తురు ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి, ఆ తర్వాతే ఎడమ గదికి చేరుతుందన్నాడు. ఊపిరితిత్తులలో రెండు రకాల నాళాల మధ్య సన్నని మార్గాలుండాలని ఊహించాడు. ఆ సన్నని కేశనాళికలను 1661లో ఇటలీకి చెందిన మాల్పీగీ సూక్ష్మదర్శినితో చూపాడు. ఇబ్నె నఫీస్ చెప్పిన మరో మాట అంతగా ప్రచారంలోకి రాలేదు. గుండెకు పోషణ దాని గదుల్లో నిండిన నెత్తురు నుండి కాక, దాని కండరంలో వ్యాపించిన నాళాల నుండి అందుతుందని ఆయన స్పష్టంగా రాశాడు. ఆ నాళాలలో ఒకటి రక్తపు గడ్డతో మూసుకుపోవడమే నేటి గుండెపోటు. రోగి బ్రతికి ఉండగానే దానిని గుర్తించవచ్చునని అమెరికన్ వైద్యుడు హెరిక్ 1912లో నిరూపించాడు.

ఇంతమాత్రాన రక్తప్రసరణను మొత్తం కనుగొన్నవాడు ఇబ్నె నఫీసే అనడం తగదు. గుండె నుండి శరీరమంతటికీ, తిరిగి గుండెకూ నెత్తురు తిరుగుతుందని 1628లో రుజువు చేసినవాడు హార్వే. ఇబ్నె నఫీస్ చూపినది గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్యనున్న దారిని. ఆ గ్రంథం కూడా గ్రంథాలయాలలో మరుగున పడిపోయింది. ముహ్యిద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు జర్మనీలో చదువుతూ 1924లో దానిపై పరిశోధన వ్యాసం సమర్పించేదాకా లోకానికి తెలియలేదు. ఇబ్నె నఫీస్‌కు సమకాలికుడు, కరక్‌లో పుట్టిన క్రైస్తవ వైద్యుడు ఇబ్నుల్ ఖుఫ్ (1233-1286) శస్త్రచికిత్సపై రాసిన 'అల్ ఉమ్దా' అరబీ మూలం హిజ్రీ 1356లో (1937) మన హైదరాబాదులోనే, దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ద్వారా అచ్చయింది. ఆ ఇబ్నుల్ ఖుఫ్ కోటలలో సైనికుల గాయాలకు చికిత్స చేసినవాడు. ఈ పుస్తకం మన నగరంలో అచ్చయినదని ఎరిగినవారు మనలో ఎందరున్నారో!

ఇబ్నె నఫీస్ చూపిన ఆ దారిలోనే రక్తపు గడ్డ కూడా ప్రయాణం చేస్తుందని తెలిసింది 19వ శతాబ్దంలో. జర్మన్ వైద్యుడు విర్కో కాలి సిరల్లో కట్టిన గడ్డ ఊడి, గుండె కుడి భాగం గుండా పోయి ఊపిరితిత్తుల ధమనిలో చిక్కుకుంటుందని నిరూపించాడు. నెత్తురు కదలిక మందగించడం, నాళం గోడ దెబ్బతినడం, నెత్తురుకే గడ్డకట్టే గుణం పెరగడం - ఈ మూడూ అందుకు కారణాలుగా వైద్యులు లెక్కిస్తారు. తీవ్రమైన జబ్బుతో రోజుల తరబడి కదలకుండా పడివున్న రోగిలో మూడూ ఒకేసారి కూడుతాయి. పెద్ద గడ్డ ఊపిరితిత్తుల ధమనిని మూసివేస్తే గుండె కుడి భాగం ఆ ఒత్తిడిని తట్టుకోలేక కొద్ది నిమిషాలలోనే ఆగిపోవచ్చు. ఇక్కడే వైద్యుని సంకటం. గడ్డ కట్టకుండా మందిస్తే నెత్తురు కారుతుందేమోనని భయం. ఇవ్వకపోతే గడ్డ కడుతుందేమోనని భయం. ఉహుద్ నాటి సమస్య, దానికి పూర్తిగా విరుద్ధమైన సమస్య - రెండూ ఒకే మంచం మీద చేరతాయి.

ఆ మందులలో ముఖ్యమైనది హిపారిన్. 1916లో అమెరికాలో మెక్లీన్ అనే విద్యార్థి దీని జాడ కనుగొన్నాడు. 1930లలో కెనడా, స్వీడన్ వైద్యులు దానిని శుద్ధిచేసి రోగులకు వాడారు. సిరలోకి ఎక్కిస్తే వెంటనే పనిచేస్తుంది, ఆపితే కొద్ది గంటలలో ప్రభావం పోతుంది, అవసరమైతే విరుగుడు కూడా ఉంది. అందువల్లనే ప్రమాదస్థితిలోని రోగికి అది అంత అనుకూలం. చిక్కు ఏమిటంటే నేడు ప్రపంచంలో తయారయ్యే హిపారిన్‌లో అధికభాగం పంది పేగుల లోపొర నుండి తీసినదే. ఒక ముస్లిం రోగి బంధువులు ఈ సంగతి విని వద్దంటే వైద్యుడు ఏమి చేయాలి? వారికి ధర్మం ఏమి చెబుతుంది?

ఇక్కడ కొందరు ఇబ్నె నఫీస్ మరణశయ్య కథను ఉదహరించవచ్చు. చివరి జబ్బులో సాటి వైద్యులు ఆయనకు ఔషధంగా మద్యం పుచ్చుకోమన్నారు. కడుపులో మద్యంతో అల్లాహ్‌ను కలుసుకోవడం తనకు ఇష్టం లేదని ఆయన నిరాకరించాడని జీవితచరిత్రకారులు రాశారు. అద్భుతమైన దైవభీతి అది. కాని ఆయన వైద్యుడు మాత్రమే కాదు, షాఫయీ ధర్మశాస్త్రాన్ని బోధించిన పండితుడు కూడా. ఆ మజ్‌హబ్ మద్యానికీ ఇతర అపవిత్ర వస్తువులకూ మధ్య తేడా చూపింది. ఆయన సమకాలికుడే అయిన ఇమామ్ నవవీ (1233-1277) 'అల్ మజ్మూ' గ్రంథంలో ఈ విషయాన్ని విపులంగా చర్చించాడు. పవిత్రమైన ప్రత్యామ్నాయం దొరకనప్పుడు మత్తు పదార్థాలు కాని ఇతర అపవిత్ర వస్తువులతో చికిత్స ధర్మసమ్మతమే అన్నాడు. అయితే ఆ విషయం తెలిసినవాడో, విశ్వసనీయుడైన ముస్లిం వైద్యుడు చెప్పగా విన్నవాడో అయి ఉండాలన్నాడు. తరువాతి హనఫీ ధర్మవేత్తలలో కూడా పలువురు ఇటువంటి షరతులతోనే అనుమతించారు. కనుక ఇబ్నె నఫీస్ మద్యాన్ని నిరాకరించిన ఉదంతాన్ని హిపారిన్‌కు వర్తింపజేయడం ఆయన మజ్‌హబ్ ప్రకారమే కుదరదు. గత్యంతరం లేనివానిపై దోషం లేదని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 173వ ఆయత్ తెలుపుతుంది. హద్దు మీరకూడదన్న షరతూ ఆ ఆయత్‌లోనే ఉంది.

మక్కాలోని ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 2003 డిసెంబరులో జరిగిన 17వ సమావేశంలో ఈ ప్రశ్ననే ప్రత్యేకంగా తీసుకుంది. తక్కువ అణుభారం గల కొత్త రకం హిపారిన్‌ను, దానికి బదులు పనికివచ్చే ధర్మసమ్మతమైన మందు లేనప్పుడు, లేదా ఆ బదులు మందు వల్ల చికిత్స కాలం సాగిపోయేటప్పుడు వాడవచ్చునని తీర్మానించింది. అవసరాన్ని మించి వాడకాన్ని విస్తరించరాదనీ, నిస్సందేహంగా పవిత్రమైన మందు లభిస్తే దానికి మారాలనీ అందులోనే చేర్చింది. పూర్తిగా రసాయనికంగా తయారయ్యే ఫోండాపారినక్స్ వంటి మందులు అప్పటికే వాడకంలోకి వచ్చాయి. కాని మూత్రపిండాలు బాగా చెడిన రోగికి ఫోండాపారినక్స్ పనికిరాదు. అత్యవసరంగా శస్త్రచికిత్స చేయవలసివస్తే దాని ప్రభావాన్ని వెంటనే తొలగించే మార్గమూ సులభంగా లేదు. ఏ రోగికి ఏది బదులు కాగలదో నిర్ణయించవలసింది ఆ మంచం పక్కనున్న వైద్యుడే. ఆయన నోటి మాట మీదనే ధర్మవేత్త తీర్పు ఆధారపడుతుంది. రోగి బంధువులు మందు మూలాన్ని గురించీ, దానికి బదులు మందును గురించీ ఆ వైద్యుణ్ణి ముందుగానే అడిగి తెలుసుకోవచ్చు. గడ్డ ఊపిరితిత్తికి చేరిన ఘడియలో అందుకు వ్యవధి ఉండదు.